ఊపిరున్నాది

రాజాంలో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు మా మేనమామ ఇంట్లోనే దిగాను. ఆయన ధాన్యం బేరాలకి మోటారు సైకిలు మీద పాతపట్నం దాకా తిరిగేవాడు. బండి దారిలో ఎక్కడ ఆగిపోతుందోనన్న భయం ఆయన్ని కుదురుగా కాఫీ కూడా తాగనిచ్చేది కాదు. ఆయన్ని చూస్తుంటే నాకూ కాలు నిలిచేది కాదు.

రోజూ పొద్దున్నే బండి ఇంజను ప్లగ్గు విప్పి, ఆ కంతకి బొటనవేలు అదిమిపెట్టి, "తన్నవే" అనేవాడు. అత్త కుచ్చిళ్ళు ఎగదోపి కిక్కు కొట్టేది. లోపలి గాలి వేలుని తోసేస్తే, "ఊపిరున్నాది" అని నవ్వేవాడు.

ఒకరోజు ఎంత తన్నినా వేలు కదల్లేదు. మావ కంతకి రబ్బరు గొట్టం బిగించి, సైకిలు పంపు అత్త చేతికిచ్చాడు. ఆమె గాలి కొడుతుంటే సైలెన్సరు దగ్గరా, కార్బురేటరు దగ్గరా చెవి పెట్టి, గాలి ఎటు కారుతోందో వెతికాడు.

"ఎటో పోతన్నాది. సుయ్‌మంతన్నాది. కాస్త ఆపవే" అన్నాడు.

పంపు ఆగింది. ఆ చప్పుడు ఆగలేదు. ఆయన బండి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

"మావా, అది బండి కాదు. అత్త!" అని అరిచాను.

అత్త అరుగు మీద కూలబడి ఊపిరి ఎగబీలుస్తోంది.

మావ బండి అలాగే వదిలేసి, ఆమెని బస్సులో శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఉబ్బసమన్నారు. తిరిగొచ్చాక రోజూ పొద్దున్నే ఆయన బొటనవేలు అత్త ముక్కు దగ్గరికి వెళ్ళేది.

"ఊపిరున్నాదేటే?"

"ఉన్నాది. నీ బండికి కిక్కు కొట్టడానికే లేదు."