ఫోన్ చదివిన పేరు

కింది ఫ్లాట్‌లో పచ్చి కాఫీ గింజలు వేయిస్తున్నారు. ఆ పొగ వంటింటి కిటికీలోంచి వస్తుంటే నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. ఇవాళ శనివారం. ప్రతి వారం తొమ్మిదిన్నరకు వచ్చే మెసేజ్ పదింపావైనా రాలేదు. ఫోన్ తీస్తున్నాను, పెడుతున్నాను, మళ్ళీ తీస్తున్నాను. శనివారం పొద్దుటిపూట నాకీ అలజడి అంటించి వెళ్ళిన మనిషి అల్మాజ్.

మావారు పోయాక, అరవై ఒకటో ఏట, అరబ్బు దేశంలోని మత్రా బజారు వెనక అల్మాజ్ నడిపే ప్రింటింగ్ షాపులో చేరాను. ఆమెది ఇథియోపియా. నాకంటే పన్నెండేళ్ళు చిన్నది. ఇద్దరికీ కలిసిన భాష బజారు హిందీ. తేదీలూ కూడికలూ తప్పనివ్వనని నన్ను పనిలో పెట్టుకుంది, అందుకే వేళాకోళమూ ఆడేది. "దీదీ, మీ టోటల్ తేలేలోపు నా కాఫీ ఐస్ అయిపోతుంది!" అక్కడే గింజలు వేయించి, దంచి, మూడు విడతలుగా కాఫీ పోసేది. మూడో కప్పు తాగకుండా లేస్తే ఊరుకునేది కాదు.

ఆమె చెల్లెలు అదే దేశంలో సూర్ అనే ఊళ్ళో ఒక ఇంట్లో పనిచేసేది. పేరు సెహాయ్. జబ్బుపడి అక్కడే పోయింది. వాళ్ళలో నలభయ్యో రోజున ప్రార్థన చేయిస్తారు. ఆ పిలుపు కార్డు షాపులోని పాత ఫాంటులో తయారైంది. కాగితం మీద చక్కగానే ఉంది. ప్రార్థన రోజున అదే మాటలను కాపీ చేసి సొంతూళ్ళో ఉన్న తల్లి ఫోన్‌కి పంపబోతే తెర మీద ఇంగ్లీషు అక్షరాల చెత్త తేలింది. ఆ ఫాంటులో పైకి కనిపించేది వాళ్ళ భాష అమ్హారిక్, లోపల దాగింది ఇంగ్లీషు. మన తెలుగు డీటీపీలోనూ ఈ బాధ పడ్డదాన్నే కనుక నాకు వెంటనే అర్థమైంది.

"కార్డు ఫోటో తీసి పంపేద్దాం, ఒక్క నిమిషం పని" అన్నాను.

"అమ్మకి చూపు లేదు, దీదీ. ఫోన్ చదివితే వింటుంది. ఫోటోని ఫోన్ ఏం చదువుతుంది?"

అల్మాజ్ కంప్యూటర్ ముందు కూర్చుంది. అంతా ఫోన్ చదవగలిగే కొత్త ఫాంటులో మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. తీరా చెల్లెలి పేరు దగ్గర చెయ్యి ఆగింది. మొదటి అక్షరం ፀ కీబోర్డులో ఎక్కడుందో దొరకలేదు. అవతల తల్లి ఇంట్లో ప్రార్థనకి జనం చేరుతున్నారు. అల్మాజ్ లేచి గోడకి అంటించిన అక్షరాల పట్టిక దగ్గరికి వెళ్ళింది.

"మా ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు. మీకు నంబర్లంటే ప్రాణం కదా, కొట్టండి. పదమూడు నలభై."

1340 కొట్టి, ఆమె చెప్పిన రెండు మీటలు కలిపి నొక్కాను. అంకెలు మాయమై, వాటి చోట ఆ అక్షరం నిలబడింది. అల్మాజ్ కళ్ళు తుడుచుకుని మిగతా పేరు పూర్తి చేసింది.

పంపాక తల్లి ఇంట్లోనే ఉన్న మరో ఫోన్‌కి చేసి స్పీకర్ పెట్టింది. అటువైపు మనుషుల సందడి. అది సద్దుమణిగాక తల్లి ఫోన్‌లోని మర గొంతు చదవసాగింది. నాకు తెలిసిన మాట ఒక్కటే వినిపించింది, "సెహాయ్." ఆ వెంటనే ఒక ముసలి గొంతు ఏదో అంది.

"ఏమన్నారు?"

"మళ్ళీ చదివించమంటోంది."

ఆ మధ్యాహ్నం మూడో కప్పు ఇద్దరమూ మరిచిపోయాం.

తర్వాత రెండేళ్ళకి అల్మాజ్ షాపు వదిలేసి తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. ఇప్పుడు నా కళ్ళూ మసకబారాయి. బంధువులు శుభాకాంక్షలు ఫోటోలుగా పంపితే కసురుకుంటాను, టైపు చేయమంటాను. నేను పంపేది ఏదైనా ముందు నా ఫోన్ చేత చదివించి, విన్నాకే పంపుతాను.

పదీ ఇరవై రెండు. మెసేజ్ వచ్చినట్టు ఫోన్ మోగింది. అల్మాజ్‌కి హిందీ రాయడం రాదు. హిందీ మాటలనే తన అక్షరాల్లో రాస్తుంది. వాటి మీద నొక్కితే నా ఫోన్ అచ్చం ఆమె యాసలో చదువుతుంది.

"దీదీ, కాఫీ పియా?"

మళ్ళీ నొక్కాను.