ఆల్చిప్పల ముంత

నైజాం వైపు నుంచి జనం పారిపోయి వస్తున్న రోజులవి. జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్తున్న మా బొగ్గుతో నడిచే బస్సు చిల్లకల్లు దాటాక ఆగిపోయింది. నాకప్పుడు ఏడో నెల. దాహంతో నాలుక పిడచగట్టుకుపోయింది. దారి పక్క కుంట చూస్తే ఎర్రటి బురద.

నా పక్కన కూర్చున్న నైజాం ఆవిడ తన ముంతలోంచి తేట నీళ్ళు వంచి ఇచ్చింది. గటగటా తాగేశాను. ఆ తర్వాతే ముంతలోకి చూశాను. అడుగున బతికున్న ఆల్చిప్పలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"ఇవేంటి?" అన్నాను.

"పొద్దున కుంట నీళ్ళే పోసినమ్మా. ఇవి నీళ్ళు పీల్చి అందులో నాచు తింటయ్. మట్టిని జిగురు చుట్టి ఉమ్మేస్తయ్. అది అడుక్కి పోతది," అంది.

ఉమ్మేస్తాయట! ఇంట్లో మరొకరు ముట్టిన బిందెలో నీళ్ళే తాగనిదాన్ని. కిటికీలోంచి తల బయటికి పెట్టి అంతా కక్కేశాను.

ఆవిడ నా వీపు నిమిరి, మళ్ళీ ముంత వంచింది.

"నీకు రోతైతే కడుపుల బిడ్డ కోసం తాగు."

కళ్ళు మూసుకుని తాగాను.

ఆ జిగురు సంగతి ఇప్పటికీ రోతపడుతూనే అందరికీ చెబుతుంటాను. ఆ నీళ్ళు తియ్యగా ఉన్నాయని మాత్రం మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.