మామ్మ ముసుగు

ఈ ఉదయం చలిలో నా ఊపిరి పొగలా లేస్తే మామ్మ గుర్తొచ్చింది.

చోడవరంలో చలికాలమంతా తెల్లవారకముందే లాంతరు చుట్టూ మా కుటుంబ ప్రార్థన జరిగేది. నాన్న ప్రార్థిస్తుంటే నేను ఓరకంట చూసేదాన్ని. ఆయన నోట్లోంచి పొగ లేచేది. ప్రార్థన దేవుడి దగ్గరికి అలాగే వెళ్తుందనుకున్నాను. తమ్ముడికి జ్వరమొచ్చిన వారం, మామ్మ చీరచెంగు ముక్కుదాకా కప్పుకుని వాడి కోసం గొణుగుతోంది. పొగ మాత్రం లేదు.

"ముసుగు తీసీ మామ్మా! నీ పార్దన పైకెల్లట్నేదు," అన్నాను ఏడుపు గొంతుతో.

నాన్న నన్ను కసరబోయాడు.

"గుంటనేటీ అనకు బాబూ," అంటూ మామ్మ చెంగు దించి మళ్లీ మొదలుపెట్టింది.

తమ్ముడు లేచి తిరిగాక కూడా మామ్మ, చలికి దగ్గుతూనే, ముఖం తెరిచే ప్రార్థించేది. నాకు పొగ కనబడాలనే అలా చేసేదని పెద్దయ్యాకగాని తెలియలేదు.

ఇవాళ ప్రార్థనకి కూర్చోబోతూ, మూతికి చుట్టుకున్న మఫ్లరు తీసి పక్కన పెట్టాను.