ఇరవై మూడో టిక్కు

తొమ్మిదేళ్ళుగా నేనొక టిక్కు మోస్తున్నాను. కాగితం మీద నీలం సిరాతో పెట్టిన చిన్న గీత. బరువులు మోసే బళ్ళను చూడడమే నా పని. ఏ ఇరుసు ఎన్ని టన్నులు ఆపుతుందో, ఏ దూలం ఎక్కడ వంగుతుందో లెక్కకట్టి చెప్పగలను. ఈ గీత బరువు మాత్రం ఇప్పటిదాకా తూచలేకపోయాను. మీకు నేను తెలియదు, నాకు మీరు తెలియదు. అందుకే మీతో చెప్పడం తేలిక. నవ్వొస్తే నవ్వండి. ఇందులో నవ్వవలసినవి చాలానే ఉన్నాయి. నేనే చాలాసార్లు నవ్వాను. అలా నవ్వడం కూడా తప్పులో భాగమేనని ఈమధ్యే తెలిసింది.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివాను. ఏ పనికైనా ముందు జాబితా రాసుకోవడం నా అలవాటు. "వీడు భోజనంలో కూడా పప్పు, కూర, పులుసు అని టిక్కులు పెట్టుకుంటాడు" అనేది మా అమ్మ. చదువయ్యాక కొత్తపేటలో మా మావయ్య దగ్గర చేరాను. వరిచేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్న రోజులవి. మావయ్యకు రెండు పొక్లెయిన్లు ఉండేవి. మట్టి తవ్వే ఆ యంత్రం ఇనప పట్టాల మీద నడుస్తుంది. తారు రోడ్డు ఎక్కిస్తే రోడ్డూ పోతుంది, పట్టాలూ పోతాయి. ఊరు మార్చాలంటే దాన్ని లోబెడ్ మీద ఎక్కించాలి. లోబెడ్ అంటే మోకాలెత్తులో ఉండే పొడవాటి ఇనప బల్ల. వెనక చక్రాలుంటాయి. ముందుభాగం మెడలాగా పైకి వంగి లారీ వీపు మీద కూర్చుంటుంది. ఆ వంపును మేము మెడ అనే అంటాం. లోబెడ్ బలమంతా ఆ మెడలోనే ఉంటుంది.

అద్దె లోబెడ్ కోసం ప్రతిసారీ వారాలు ఎదురుచూడలేక, పాతదొకటి కొనేద్దామన్నాడు మావయ్య. నేను వెంటనే జాబితా రాశాను. నలభై అంశాలు. టైర్లు, ఇరుసులు, స్ప్రింగు కట్టలు, గాలి బ్రేకుల గొట్టాలు, బల్ల మీది చెక్కలు, వెనక ర్యాంపులు, ఇనుము మీద కొట్టిన నంబరూ ఆర్‌సీ పుస్తకంలో ఉన్న నంబరూ ఒకటేనా కాదా. ఇరవై మూడోది: మెడ వంపు కింద వెల్డింగు, పగుళ్ళు. దాని పక్కన చిన్న అక్షరాలతో నేనే రాసుకున్నాను. "కిరసనాయిలు గుడ్డతో తుడవాలి. కింద పడుకుని చూడాలి."

పడుకుని. ఆ మాట నేను రాసిందే.

రాజమండ్రి శివారులో పాత బళ్ళు అమ్మే యార్డుకు ముగ్గురం వెళ్ళాం. మావయ్య, నేను, మా డ్రైవరు సత్తిబాబు. సత్తిబాబును నేను బాబాయ్ అనేవాణ్ణి. అప్పటికి ఆయన ఇరవై అయిదేళ్ళుగా బరువు బళ్ళు నడుపుతున్నాడు. కాలవగట్టు మీద, చక్రానికీ నీళ్ళకూ మధ్య బెత్తెడు జాగా ఉన్నా, బండిని నిదానంగా తిప్పుకుంటూ పోయేవాడు. ఆయనకు పొలం లేదు, పెద్ద చదువు లేదు. ఉన్నదల్లా చెయ్యి. "సత్తిబాబు చెయ్యి" అనేవారు మా చుట్టుపక్కల. ఆ మాట విన్నప్పుడల్లా ఆయన తన అరచేతిని ఒకసారి చూసుకుని లుంగీకి తుడుచుకునేవాడు.

ఇక్కడ ఒక ప్యాంటు గురించి చెప్పాలి. మీగడ రంగుది. అమలాపురంలో కుట్టించాను. యార్డు నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆలమూరులో ఆగి ఒక అమ్మాయిని చూడాలని మావయ్య ముందే మాట ఇచ్చేశాడు. ఆ రోజుకి నేను రెండో జాబితా కూడా రాసుకున్నాను. దువ్వెన, రెండు రుమాళ్ళు, బూట్లు తుడిచే గుడ్డ. రెండో ప్యాంటు అందులో లేదు. జాబితాలు రాసేవాడు తప్పు చేస్తే ఇలాగే చేస్తాడు. రాసినవన్నీ తీసుకెళతాడు, రాయనిది ఇంట్లో మర్చిపోతాడు.

యార్డులో బండి బాగుంది. టైర్లు బాగున్నాయి. బ్రేకులు బాగున్నాయి. అమ్మే ఆయన "అన్నీ చూసుకోండి, తరవాత నన్ననద్దు" అని చెప్పి కుర్చీలో కూర్చున్నాడు. ఇరవై రెండు టిక్కులు నిజాయితీగా పెట్టాను. ఇరవై మూడో దగ్గర ఆగాను. మెడ కింద నేలంతా కాలిన ఆయిలు, దాని మీద రాత్రి కురిసిన వాన. నల్లటి పాయసంలా ఉంది. వంగి చూశాను. వంగితే పైన వేసిన రంగు కనిపిస్తుంది, వెల్డింగు కనిపించదు. ప్యాంటు వైపు చూసుకున్నాను. నిలబడే టిక్కు పెట్టాను.

అంతవరకే అయితే అది బద్ధకం. వెనక ర్యాంపులు చూసి సత్తిబాబు బాబాయ్ నా దగ్గరికి వచ్చాడు.

"అబ్బాయిగారూ, మెడ కింద దూరి చూసేరాండి?"

"ఆయ్, చూశాను బాబాయ్."

"నన్నోసారి దూరమంటారా? నాదెలాగూ పాత లుంగీయేనండి."

"అక్కర్లేదు. చూశానని చెప్పాను కదా."

ఆయన నా ప్యాంటు చూశాడు. మోకాళ్ళు చూశాడు. ఒక్క మచ్చ లేదు. ఏమనుకున్నాడో నాకిప్పటికీ తెలియదు. "మీరు చూసేరంటే ఇంక చూడక్కర్లేదండి" అని వెళ్ళిపోయాడు. అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

ఆలమూరులో సంబంధం కుదిరింది. ఆ ఇంట్లో నన్ను గురించి అనుకున్న మాట మా మావగారు తరవాత ఎంతమందితో చెప్పాడో లెక్కలేదు. "పాత ఇనప బళ్ళ యార్డు నుంచి తిన్నగా మా ఇంటికొచ్చేడండి. గుడ్డ మీద మరక లేదు. ఎంత పద్ధతైన కుర్రాడో చూడండి." మా ఆవిడ కూడా మొదట గమనించింది ఆ ప్యాంటునేనట. అంటే మా కాపురానికి పునాది ఆ మీగడ రంగు గుడ్డ. ఆ రోజు నేను మెడ కింద పడుకుని ఉంటే నల్లగా, కిరసనాయిలు కంపుతో ఆలమూరులో దిగేవాణ్ణి. అప్పుడేమయ్యేది? నేను నిజంగా పశ్చాత్తాపపడుతున్నానా అని నన్ను నేను అడిగినప్పుడల్లా వంటింట్లోంచి ఆవిడ ఏదో అంటుంది, నేను నవ్వుతాను, ప్రశ్న అక్కడే మిగిలిపోతుంది.

నాలుగు నెలలు బండి బాగానే తిరిగింది. అయిదో నెలలో మురమళ్ళ వైపు ఒక చెరువు పనికి పెద్ద పొక్లెయిన్‌ను తీసుకెళ్తున్నాం. బాబాయ్ పక్కన క్యాబిన్‌లో నేనే కూర్చున్నాను. కాలవగట్టు మలుపు వచ్చింది. ఆయన గేరు తగ్గించాడు. మీటరు ముల్లు ఎనిమిది మీద ఉంది. ఎనిమిది. కొబ్బరికాయల సైకిలు మమ్మల్ని దాటుకుని పోయింది. అప్పుడు వెనక తుపాకీ పేలినట్టు చప్పుడైంది. మెడ విరిగింది. బల్ల ముందుభాగం రోడ్డు మీద కూలబడింది. పొక్లెయిన్ పక్కకు వాలింది, పడలేదు. దాని మట్టి తవ్వే తొట్టి మాత్రం వెళ్ళి కాలవలో మునిగింది, ఎండలో వచ్చిన గేదె నీళ్ళు తాగుతున్నట్టు. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు.

రెండు రోజులు ఆ రోడ్డు మూసుకుపోయింది. అటు బస్సు అటే ఆగేది, ఇటు బస్సు ఇటే. జనం మా లోబెడ్ మీదకెక్కి, నడిచి, అవతల దిగి రెండో బస్సు ఎక్కేవారు. కూరగాయల గంపతో వచ్చిన ఒక ముసలమ్మ పొక్లెయిన్ పట్టా మీద కూర్చుని చుట్ట ముట్టించి, "గవర్నమెంటోళ్ళ వంతెన కంటే ఇదే గట్టిగుందే" అంది. గట్టు మీదకి టీ బండి కూడా వచ్చేసింది. మావయ్యకు కూడా నవ్వు ఆగలేదు. కానీ అంతకు ముందు, బండి విరిగిన అరగంటలో, ఆయన మోటారు సైకిల్ మీద వచ్చి దిగినప్పుడు, నవ్వు లేదు.

"ఎంతలో తిప్పేవయ్యా సత్తిబాబూ?"

"నిదానంగానే వచ్చేనండి."

"నిదానంగా వస్తే మెడెందుకు విరుగుద్ది? మావాడు నలభై రకాలు చూసి కొన్న బండది. కాగితం ఉంది."

బాబాయ్ నా వైపు తిరిగాడు. నేను చెప్తానేమోనని కాదు. తనకు తాను నచ్చజెప్పుకోవడానికి. "ఆయ్, నిజమేనండి. మెడ కింద అబ్బాయిగారు దూరి చూసేరు కదండి. అయితే తొందరపడి మలుపు నేనే కోసేసి ఉంటాను" అన్నాడు. తన అరచేయి చూసుకున్నాడు. ఈసారి లుంగీకి తుడుచుకోలేదు.

నేను విరిగిన చోటికి వెళ్ళాను. విరిగిన ఇనుము అబద్ధం చెప్పదు. ఆ రోజే తెగిన భాగం వెండిలా మెరుస్తుంది. ఎప్పటినుంచో పగిలి ఉన్న భాగం తుప్పుతో గోధుమరంగులో ఉంటుంది. అక్కడ అరచెయ్యంత గోధుమరంగు. యార్డులో ఒక్కసారి పడుకుని గుడ్డతో తుడిచి ఉంటే కనబడి తీరేది. చదువుకున్నవాడు చూస్తే అర్థమవుతుంది. అక్కడ చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. డబ్బాలోంచి గ్రీజు తీసి ఆ గోధుమరంగు మీద పూశాను. చేత్తోనే. మోచేతుల దాకా. చొక్కాకు కూడా. మరక భయంతో పడుకోని నాకు, ఆ పని చేసేటప్పుడు మరకల సంగతే గుర్తు రాలేదు. వెల్డర్ రాగానే విరిగిన అంచులు నున్నగా అరగదీయించాను. సాక్ష్యం ఇనప రజను అయి కాలవలో కలిసింది.

మావయ్య బాబాయ్‌ని పొమ్మనలేదు. ఆయనే తాళాలు తెచ్చి ఇచ్చాడు. "చెయ్యి తప్పిందండి. ఇంక బరువు బళ్ళు వద్దు" అన్నాడు. ఏడవలేదు, కోప్పడలేదు. వెళ్ళి ఒక ఆటో కొనుక్కున్నాడు.

ఇప్పుడాయన బడిపిల్లల ఆటో నడుపుతాడు. మా అమ్మాయి రెండో తరగతి. ఆయన ఆటోలోనే వెళుతుంది. ప్రతి మలుపు దగ్గరా ఆయన ఆటో పూర్తిగా ఆపుతాడు. దిగుతాడు. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు, ఎక్కి, హారను కొట్టి, అప్పుడు తిప్పుతాడు. పిల్లలు "నత్త తాత" అంటారు. ఆయనకది బిరుదు. రోజూ వాళ్ళకొక కథ చెబుతాడు, పొక్లెయిన్‌కు కాలవ నీళ్ళు తాగించిన కథ. కథలో తొందరపడి మలుపు కోసేసిన వెర్రివాడు తనే. చేతులు తిప్పుతూ, చప్పుడు నోటితో చేస్తూ చెబుతాడు. పెళ్ళిళ్ళలో చెబుతాడు, నా ఎదురుగా కూడా చెబుతాడు. అందరూ నవ్వుతారు. నేను అందరికంటే కాస్త గట్టిగా నవ్వుతాను.

మొదటి సంవత్సరం ఆ కథలో స్పీడు పదిహేను ఉండేది. తరవాత ఇరవై అయింది. మొన్న మా అమ్మాయి బడి నుంచి వచ్చి, "నాన్నా, తాత అప్పుడు నలభైలో తిప్పేశాడంట" అని పడీపడీ నవ్వింది. నేను నవ్వబోయి ఆగిపోయాను.

నలభై. ఆ గట్టు మీద నలభైలో ఎవరు తిప్పగలరు? ఆయన కథ రక్తి కట్టించడానికి పెంచాడా? లేక మెడ విరగడానికి ఎనిమిది చాలదని ఏడాదికేడాది నమ్ముతూ, అంత పెద్ద ఇనుము విరిగిందంటే ఇంకెంత వేగం ఉండాలోనని లెక్క వేసుకుంటూ, చివరికి చెయ్యని తొందరను చేసినట్టు గుర్తు తెచ్చుకున్నాడా? పక్కన కూర్చుని ముల్లు చూసినవాణ్ణి నేను. ఆ ఎనిమిదికి సాక్షి ప్రపంచంలో నేనొక్కణ్ణే. ఒక మనిషి చేతిని ఆయన దగ్గరనుంచి తీసేసుకుని, బదులుగా ఒక హాస్యకథ ఇచ్చాను. ఆయన దాన్నే మురిపెంగా వాడుకుంటున్నాడు.

ఆయనకు చెప్పొచ్చు కదా అంటారు. చెప్పొచ్చు. రోజూ ఉదయం మా గేటు ముందే ఆగుతాడు. చెబితే కథ పోతుంది, పిల్లల నవ్వు పోతుంది, వయసు మీరిన చేతికి ఇప్పుడా మాట ఏం పనికొస్తుంది అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇవి కారణాలా? కావు. ఇవి కూడా నిలబడి పెట్టిన టిక్కులే. చెప్తానో లేదో ఇక్కడ మాట ఇవ్వను. చూడకుండా చూశానని ఒకసారి అన్నవాణ్ణి, చెయ్యకుండా చేస్తానని మళ్ళీ అనలేను.

ఈ పూట బీరువాలోంచి ఆ పాత జాబితా తీశాను. కాగితం పచ్చబడింది, సిరా మాత్రం అలాగే ఉంది. మా ఆవిడ వచ్చి, "ఏమిటండీ అది, ఏ సంత జాబితా?" అని భుజం మీదుగా చూసింది. "ఆలమూరు వచ్చిన రోజుది" అన్నాను. "ఆ ప్యాంటు ఇంకా దాచాను తెలుసా" అని నవ్వుకుంటూ వెళ్ళింది. ఆవిడకు కూడా చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఇరవై మూడు ఎదురుగా ఉన్న టిక్కును కొట్టేశాను. పక్కన రాశాను: చూడలేదు. కాగితం అడుగున, జాబితాలో లేని అంశం ఒకటి చేర్చాను. మలుపులో వేగం: ఎనిమిది. బాబాయ్ కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో రాశాను. తరవాత మొదటినుంచి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ జాబితాలో నలభైకి నలభై నిజం.