కెప్టెన్ గారి అత్తగారు

శాంతా ఒలాయా ఊళ్లో దోన్ కాసిమీరో అర్రోయావె ఎదురుపడితే మన క్షేమం అడగడు, మన ముత్తాత క్షేమం అడుగుతాడు.

"ఏ బెదోయాలయ్యా మీరు? ఏటి ఒడ్డు బెదోయాలా, గుట్ట మీద బెదోయాలా?"

జవాబు చెప్పేలోగా ఆయనే చెయ్యి పట్టుకుని మన తాత దగ్గర్నుంచి ఆ తాతకు తాత దగ్గరికి నడిపించుకుపోతాడు. చివరికి స్పెయిన్ నుంచి ఓడ దిగి ఈ కొండలెక్కిన కెప్టెన్ మార్తీన్ దె అర్రోయావె ముందు నిలబెట్టి, "ఇదుగో, మనిద్దరికీ మూలపురుషుడు. ఈ లెక్కన నువ్వు నాకు వేలు విడిచిన తమ్ముడివి" అని తేల్చి గానీ వదలడు. ఆ కెప్టెన్ వచ్చి నాలుగు వందల ఏళ్లయింది. దోన్ కాసిమీరో మాటల్లో మాత్రం పోయిన మంగళవారం దిగినట్టుంటుంది. "పాపం, దిగిన రోజే దోమలు కుట్టాయి" అని ఇప్పటికీ బాధపడతాడు.

ఆయన భార్య దోన్యా తులియా ఇంట్లో ఇద్దరు మగవాళ్లున్నారనేది. ఒకరు మొగుడు, రెండోవాడు కెప్టెన్. ఇద్దరిలో కెప్టెనే నయం, తిండి పెట్టక్కర్లేదు, బట్టలు ఉతకక్కర్లేదు.

పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు కూడా దోన్ కాసిమీరో ఊరుకోలేదు. నోటి నిండా దూది కుక్కి ఉంటే, డాక్టరు వైపు వేలు చూపించి, ఆ వేలు భుజం మీదుగా వెనక్కి, ఇంకా వెనక్కి ఊపాడు. డాక్టరుకు అర్థమైంది. ఆ ఊళ్లో అర్థం కానివాళ్లెవరు? "మా అమ్మమ్మ తోబోన్ల ఆడపడుచండీ" అన్నాడు పట్టకారుతో పన్ను పట్టుకుని. దోన్ కాసిమీరో సంతోషం పట్టలేక లేచి కౌగిలించుకోబోయాడు. పన్ను దానంతటదే ఊడొచ్చింది.

ఒకసారి పెరట్లో కోళ్ల దొంగ దొరికాడు. తులియా చీపురు తెచ్చేసరికి మొగుడూ దొంగా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"తులియా, వీడు ఎవరనుకున్నావు? గుట్ట మీద బెదోయాల చిన్నమ్మాయి మనవడు. మనకు అల్లుడి వరస."

"అల్లుడైతే మాత్రం కోడినెందుకు చంకలో పెట్టుకున్నాడండీ?"

"అల్లుడికి కోడి పెట్టకపోతే ఊళ్లో ఏమనుకుంటారే?"

ఇలా నవ్వుకుంటాం గానీ, ఆయన సాధించింది మామూలు సాధన కాదు. చదివింది ఊరి బడిలో మూడో తరగతి. అయినా కంచరగాడిదనెక్కి, వానలో తడుస్తూ, ఈ కొండల్లో ఉన్న చర్చిలన్నీ తిరిగాడు. ఎవరు ఎవరికి పుట్టారో, ఎవరు ఎవరిని చేసుకున్నారో, ఎవరు చేసుకుంటామని చెప్పి పారిపోయారో నాలుక మీద పెట్టుకున్నాడు. కాగితం ముక్క ముట్టుకోకుండా ఐదు గ్రామాల పుట్టుపూర్వోత్తరాలు పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ఒప్పజెప్పగలడు. పెద్ద పట్నం నుంచి మీసాలు దువ్వుకుని వచ్చిన ఒక కాఫీ తోటల ఆసామి బ్రాందీ సీసా బల్ల మీద పెట్టి, కెప్టెన్ మార్తీన్ తన మూలపురుషుడని ఒక్క మాట అనమన్నాడు.

"మీ ముత్తాత కొవ్వొత్తులు పోసేవాడండీ. మంచి కొవ్వొత్తులు, చివరిదాకా వెలిగేవి. దానికి సంతోషించండి" అని సీసా వెనక్కి ఇచ్చేశాడు.

అందుకే వంశం దగ్గర దోన్ కాసిమీరో మాటకు తిరుగులేదు. అందుకే ఎదెల్మీరా పెళ్లి వ్యవహారం ఆయన ఇంటికొచ్చి పడింది.

ఎదెల్మీరా బజారు మూల మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్మే పిల్ల. చక్కని పిల్ల, చురుకైన పిల్ల, ఒక్కటే తక్కువ. ఆ ఊళ్లో మనిషన్నాక రెండు ఇంటిపేర్లుండాలి, తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి. ఆమెకున్నది తల్లి ఇచ్చిన పినేద ఒక్కటే. రెండోది అడిగి జవాబు రాకపోతే జనం గొంతు తగ్గిస్తారు. వియేగాస్ వారి రెయినాల్దో ఆమెను తప్ప ఇంకెవర్నీ చేసుకోనని భీష్మించాడు. వాళ్ల నాయనమ్మ దోన్యా ఫిదెలీనా మాత్రం, కాసిమీరో గారు వంశం చెబితే పెళ్లి, లేకపోతే ఇంకో పిల్ల, అని ఖరాఖండిగా చెప్పేసింది.

ఆ ఆదివారం వాళ్లు వచ్చే ముందు తులియా వంటింట్లో మొగుణ్ని నిలేసింది.

"ఆ పిల్లకు ఒక తాతను ఇవ్వకూడదా? మీ దగ్గర బోలెడుమంది ఉన్నారుగా."

"అందరికీ మనవలున్నారే. ఖాళీగా ఒక్కడూ లేడు."

"ఆ పిల్ల ఏడుస్తోందండీ."

"ఏడిస్తే తాతలు పుడతారా?" అని ఆయన కాలరు సర్దుకున్నాడు. తులియాకు ఆశ పోయింది. బ్రాందీ సీసాకు లొంగని మనిషి కన్నీళ్లకు లొంగుతాడా?

దోన్యా ఫిదెలీనా వచ్చి మంచి కుర్చీ చూసి కూర్చుంది, విసనకర్ర విప్పింది. ఎదెల్మీరా గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఏ పినేదలమ్మా మీరు?" అన్నాడు దోన్ కాసిమీరో.

"తెలీదండీ. అమ్మ ఒక్కతే తెలుసు. వానలో నన్నెత్తుకుని ఈ ఊరొచ్చింది. బట్టలుతికి పెంచింది. పోయింది."

"మీ నాన్న?"

పిల్ల తల దించుకుంది. విసనకర్ర ఆగిపోయింది. "ఇంకేముంది, తేలిపోయిందిగా" అంది ఫిదెలీనా.

"ఆగండి. అమ్మాయ్, మీ అమ్మ బెల్లం నీళ్లు కాచేది కదా, అందులో ఏం వేసేది?"

"నారింజాకండీ."

"ఎలాంటిది?"

"ముదురుది. కాడతో సహా."

"కాడతో సహా" అన్నాడు దోన్ కాసిమీరో. టోపీ తీశాడు. "ఫిదెలీనా గారూ, ఒకసారి లేచి నిలబడండి."

ఎందుకో తెలియకుండానే ఆవిడ లేచి నిలబడింది.

"ఈ కొండల్లో కాడతో సహా నారింజాకు వేసే వంశం ఒక్కటే ఉంది. దోన్యా బ్రిజీదా పినేద వంశం. కెప్టెన్ మార్తీన్ గారి అత్తగారు."

"కెప్టెన్‌కు అత్తగారు ఉండేదా?" అంది ఫిదెలీనా.

"అత్తగారి పోరు లేకపోతే మగాడు సముద్రం దాటి ఇంతదూరం ఎందుకు పారిపోతాడండీ? ఆవిడ వదిలిందా? అదే ఓడెక్కింది. రేవులో ముందు దిగింది ఆవిడే. కెప్టెన్ వెనకాల ఆవిడ పెట్టె మోసుకుంటూ దిగాడు."

కాఫీ పళ్లెం పట్టుకుని వచ్చిన తులియా మొగుడి వైపు ఓరగా చూసి కప్పులు బల్ల మీద పెట్టింది. ముప్పై ఏళ్లుగా ఆవిడ విన్న కెప్టెన్ బ్రహ్మచారిగా ఓడ దిగాడు. తల నెరిసేదాకా పెళ్లి ఊసే ఎత్తలేదు.

"మరి మా వియేగాస్ వాళ్లో?" అంది ఫిదెలీనా.

"మీవాళ్లది తర్వాతి ఓడ."

"ఎంత తర్వాత?"

"అదిప్పుడెందుకు లెండి. నేను ఎవరితోనూ అనను."

ఫిదెలీనా కూర్చోబోయి, ఎదెల్మీరా వైపు చూసి, "నువ్వు కూర్చో తల్లీ ముందు" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కాసిమీరో గారూ, పినేదలు మా సంబంధానికి ఒప్పుకుంటారంటారా?"

"ఆ వైపు పెద్దను నేనే కదండీ. ఆలోచించాలి."

ఆయన కాఫీ అంతా తాగేదాకా ఆలోచించాడు. ఎంగిలి కప్పు అటూ ఇటూ తిప్పి ఇంకాస్త ఆలోచించాడు. "సరే, కానివ్వండి. రోజులు మారాయి. ఓడల తేడాలు పట్టించుకుంటే పిల్లలకు పెళ్లిళ్లు కావు."

ఎదెల్మీరా కళ్లు తుడుచుకుంది. "మిమ్మల్ని బాబాయ్ అని పిలవచ్చాండీ?"

"పిలవకపోతే బ్రిజీదమ్మ ఊరుకుంటుందా? ఆవిడ నోరు మంచిది కాదు."

ఫిదెలీనా కాబోయే మనవరాలికి ఎండ తగలకుండా విసనకర్ర అడ్డం పట్టుకుని తీసుకువెళ్లింది. వాళ్లు వీధి మలుపు తిరిగేదాకా తులియా ఓపిక పట్టింది.

"కెప్టెన్ గారి అత్తగారు ఎప్పుడొచ్చిందండీ?"

"ఇవాళే. ఎండన పడి వచ్చింది పాపం."

"నవ్వకండి. ఇంకా ఎంతమందిని ఇలా ఓడ దింపారు?"

"కావలసినవాళ్లను" అని ఆయన కిటికీ వైపు తిరిగాడు.

తులియా బుర్రలో ఏదో కదిలింది. ఆవిడదీ పొరుగూరే. బుట్టలల్లేవాళ్ల పిల్ల. ఈ ఇంటికి కోడలిగా వద్దని అత్తగారు తలుపేసుకుంటే, కుర్ర కాసిమీరో ఎక్కడెక్కడో తిరిగొచ్చి, తులియా వంశానికి మూలపురుషుడు కెప్టెన్ దగ్గరి లేఖరి దోన్ ఫాకుందో అని, బారెడు మీసాలవాడని, కెప్టెన్ కూడా ఆయన్ను అడగందే సంతకం చేసేవాడు కాదని నిరూపించాడు. అత్తగారు తలుపు తీసింది. తులియా ఆ లేఖరి గొప్పలు పిల్లలకు చెప్పింది, మనవలకు చెప్పింది, అవసరం లేకపోయినా పాలు పోసేవాడికి కూడా చెప్పింది.

"ఏమండీ. మా దోన్ ఫాకుందో?"

"ఆయన సంగతి వేరు."

"ఎలా వేరు?"

"బ్రిజీదమ్మ అప్పటికప్పుడు పుట్టింది. ఫాకుందో కోసం చాలా కష్టపడ్డానే. ముందు గడ్డం పెట్టి చూశాను, మా అమ్మ నమ్మదనిపించింది. తీసేసి మీసం పెట్టాను."

తులియా నడుం మీద చేతులు పెట్టుకుని మొగుణ్ని ఎగాదిగా చూసింది. తర్వాత ఆయన కప్పులో ఇంకాస్త కాఫీ పోసింది.

"మీసమే బాగుంది లెండి" అంది.