ఘాట్ తల్లికి పోసిన సారా

ఒక బరువు ఎన్నేళ్లుగానో నా గుండె మీద కూర్చుని ఉంది. ఏనుగంత బరువు అని రాయబోయాను. చూశారా, కలం కాగితానికి ఆనకముందే చెయ్యి ఉన్నదాన్ని పెంచి రాయడానికి తయారు. ఏనుగంత కాదు. ఒక మనిషంత. అతని పేరు ముత్తయ్య. మోటారు డ్రైవరు.

నా పేరు మీకు అక్కర్లేదు. కొంటాలో ఒక కలప వ్యాపారి దగ్గర గుమాస్తాను. శబరి ఒడ్డున ఏ పెళ్లయినా భోజనాల తర్వాత నన్ను నడిమధ్యన కూర్చోబెట్టి, "పంతులూ, ఏదన్నా చెప్పు" అంటారు. చెబుతాను. పిల్లిని పులిని చేస్తాను, ఆ పులికి మీసాలు పెడతాను, మీసాలకు నూనె రాస్తాను. జనం పొట్టలు పట్టుకుంటారు. నాకు ఈ లోకంలో అంతకన్నా రుచైనది దొరకలేదు. మీరు మాత్రం ఇప్పుడు నవ్వకండి. నవ్వితే నేను మళ్లీ దారి తప్పుతాను.

కలప పర్మిట్ల పని మీద జగదల్‌పూర్ వెళ్లాను. పని ఒక రోజు ఆగింది. ఆ ఒక్క రోజులో కొండల మీది ఊళ్లు చూసి రావాలనిపించింది. కొండగావ్, ఫరస్‌గావ్, కేశకాల్. పనిగట్టుకుని చూడటానికి ఎవరూ పోని ఊళ్లు. ఒక సేఠ్ మోటారు బాడుగకు కుదిరింది. దాంతో పాటు ముత్తయ్య. మా కొంటా వైపు దోర్ల తెగ మనిషి. మోటార్లు కడిగే పనికి చేరి, నడపడం నేర్చి, సంస్థానం లైసెన్సు తెచ్చుకున్నాడు. తమ వాళ్లలో చక్రం పట్టినవాడు తానొక్కడేనని దారిలో నాకు వందసార్లు చెప్పాడు. కాదు. రెండుసార్లు.

ఆ మోటారు దగ్గితే సంతలో మేకలు కూడా దగ్గేవి. అయినా బాగా తిరిగాం. కొండగావ్‌లో ఇత్తడి బొమ్మలు పోసేవాళ్ల కొలుముల దగ్గర నిలబడ్డాం. కేశకాల్ బజారులో పల్లీలు కొనుక్కున్నాం. ఊరు దాటగానే ఘాట్ దిగుడు మొదలవుతుంది. అక్కడ ఒక మలుపులో అమ్మవారి రాళ్లున్నాయి. ముత్తయ్య మోటారు ఆపి, సీటు కింద నుంచి ఇప్పసారా సీసా తీశాడు. ఆకుదొప్పలోకి వంచి, ఆ రాళ్ల మీద ధారగా పోశాడు. ఆ దారిన పోయే డ్రైవర్లందరూ అలా పోసి మొక్కుతారట. నువ్వు తాగవా అని అడిగాను.

"ఏంది పంతులూ! చక్రం పట్టినోడు తాగుతడా? మోటారు నడిపినన్ని దినాలు నోట్లె పెట్టనని ఈ తల్లికే మొక్కిన."

మిగిలిన సీసా నాకిచ్చాడు, ప్రసాదమని. తాగాను. ఎంత? సముద్రమంత అనను. అడుగు కనిపించేదాకా.

తిరిగి ఘాట్ ఎక్కుతుంటే నాకు డ్రైవరుని అవ్వాలనిపించింది. ఒక్క మలుపు నేను తిప్పుతానని చక్రం లాగాను. మోటారు రాతిని గీరుకుంది. ముందరి మడ్‌గార్డు మడిచిన అప్పడంలా అయింది. ముత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. సేఠ్‌తో మాత్రం రాయి తగిలిందన్నాడు.

ఆ సాయంత్రం జగదల్‌పూర్‌లో నేను దిగిన సరాయిలో భోజనాల దగ్గర ఎవరో అడిగారు, షికారు ఎలా జరిగిందని. నేను నోరు తెరిచాను. తాగిన గుమాస్తా కథలో సిగ్గు ఎక్కువ, నవ్వు తక్కువ. అదే తాగిన డ్రైవరైతే? తల్లికి చుక్క, తనకు కుండ అన్నాను. కాళ్లతో చక్రం తిప్పాడన్నాను. మోటారు మద్దిచెట్టెక్కి దిగిందన్నాను. సరాయి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. మర్నాటికల్లా ఆ నవ్వు లైసెన్సులిచ్చే మోటార్ల అధికారి దాకా పాకింది. మడ్‌గార్డు ఎలాగూ వంగే ఉంది. ముత్తయ్య లైసెన్సు లాక్కున్నారు.

అతను సరాయికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పంతులూ, నేను తాగిన్నని మీరన్నరంట?"

"నవ్వుకే అన్నానయ్యా."

"నవ్వుకేనా?" అతని మొహం తేటపడింది. "గట్లయితే ఏం లేదు. జెర సాబుకు గదే చెప్పుండ్రి, నవ్వుకన్ననని. సదువుకున్నోరు, మీ మాట నమ్ముతడు. తల్లి కాడ మొక్కినోణ్ణి, తాగిన్నని మావోళ్లు ఇంటే ఊళ్లెకు రానియ్యరు."

"చెబుతాలే, పద."

"మడ్‌గార్డు సంగతి మాత్రం చెప్పకుండ్రి. రాయి తగిలిందనే ఉండనీ. మీ ఇజ్జత్ పోతది."

నా పరువు! అతనికి నా పరువు గుర్తుంది.

చెప్పాలనే వెళ్లాను. ఇది నమ్మండి. 'అతను తాగలేదు' అన్న ఒక్క మాట నాలుక మీద పెట్టుకుని అధికారి గదిలోకి అడుగుపెట్టాను. ఆయన నన్ను చూడగానే, "ఆయియే, రండి పండిత్‌జీ, ఆ కిస్సా మీ నోటే వినాలి!" అని గుమాస్తాలందరినీ పిలిచాడు. అన్ని కళ్లూ నా మీద. ముందు కాస్త నవ్వించి, ఆ తర్వాత నిజం చెబుదామనుకున్నాను. అలా ఎందుకు అనుకున్నాను? నవ్వాక నిజానికి చోటుంటుందని నేను నిజంగా నమ్మానా, లేక ఆ నవ్వు మీద ఆశతో నన్ను నేనే మోసం చేసుకున్నానా? చెప్పాను. మొత్తం చెప్పాను. అడ్డొచ్చిన ఎలుగుబంటి ముత్తయ్యకు సలాం కొట్టిందని కొత్తగా ఒకటి చేర్చాను. అధికారి కళ్లు తుడుచుకుంటూ, "అలాంటివాడికి ఇక చక్రం ఇవ్వకూడదు, కదా?" అన్నాడు.

నేను తలూపాను.

బయట వరండాలో ముత్తయ్య చేతులు కట్టుకుని ఉన్నాడు. నవ్వులు విన్నాడు. మాటలు వినలేదు. "సాబు నవ్విండా పంతులూ? నవ్విండంటే అయినట్టే!" అని నా కాళ్లకు వంగాడు. కబురు పంపుతారు, ఇక్కడే ఉండమన్నాను. తెల్లారగానే కొంటా బండెక్కాను.

అతను చాలా రోజులు ఆ వరండాలోనే కూర్చున్నాడని తర్వాత విన్నాను. ఆ తర్వాత కనిపించలేదట. అతని ఊరు కొంటాకు దూరమేమీ కాదు. వెతికానని రాస్తే మీరు నమ్ముతారు. వెతకలేదు. ఏ ఇంటి ముందు నిలబడి, ఏమని అడగను?

ఇంకా ఘోరం వినండి. ఆ కథ ఇప్పటికీ చెబుతున్నాను. పోయిన ఎండాకాలం ఒక పెళ్లిలో, "పంతులూ, తాగుబోతు డ్రైవరు కథ!" అని అరిచారు. వద్దు వద్దంటూనే మొదలుపెట్టాను. జనం నవ్వుతుంటే పందిరి అవతల ఎవరో చేతులు కట్టుకుని, తన పని అయినట్టేనని మురిసిపోతున్నట్టు అనిపించింది. అయినా ఆపలేదు. రేపు మళ్లీ అడిగితే ఆపగలనా? తెలియదు. ప్రమాణం చేయడానికి కూడా నాకు భయం.

మిమ్మల్ని క్షమించమని అడగను. ఆ హక్కు మీది కాదు. అతను బతికి ఉన్నాడో లేదో కూడా నాకు తెలియదు. ముత్తయ్య ఒక్క చుక్క ముట్టలేదు. తాగినవాణ్ణి నేను, మోటారును రాతికేసి కొట్టినవాణ్ణీ నేనే. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పాను. మీరు నవ్వలేదనుకుంటాను. నవ్వకుండా ఒకరు చివరిదాకా విన్నారన్నంత మాత్రానికే, ఈ పూట కాస్త ఊపిరి ఆడుతోంది.