ఐ కమ్ అని చెప్పి పోయిన ఆంటీ

నవ్వకుండ్రి, అట్లయితేనే చెప్త. మా పైరూముల కిరాయికి దిగిన పిల్లకు కాలేజీకి పోవాల్సిన మొదటి రోజే బస్సు తప్పింది కద, అది ఎవరి పుణ్యం అనుకున్నరు? నాదే! తిట్టలే, ఆపలే, తలుపుకు గొళ్ళెం పెట్టలే. మర్యాదగ ఒక్క మాట అన్న, అంతే.

మీకు ఎర్కే కద, శంషాబాద్ కాడ సాతంరాయిల మా ఇల్లు హైవేకు జర లోపలికి ఉంటది. పైన ఒక రూమ్ కట్టించినం. దాంట్లకు నీమా అని టాంజానియా పిల్ల వచ్చింది, షాద్‌నగర్ దిక్కు కాలేజీల చదువుకోనీకి. మా ఆయన ఎయిర్‌పోర్టు కార్గోల పని చేస్తడు కాబట్టి డ్యూటీ దిగి ఆయనే తోలుకొచ్చిండు. పొడుగ్గ, సన్నగ, రెండు పెద్ద సూట్‌కేసులతోటి గేటు కాడ నిలబడ్డది. కండ్లల్ల మాత్రం ఇంత బెరుకు! నన్ను చూడంగనే చేతులు జోడించి "నమస్తే ఆంటీ" అన్నది. విమానంల నేర్చుకున్నదంట. ఇగ నేను గక్కడ్నే పడిపోయిన. నాకు ఇద్దరూ మొగపిల్లలే కద, ఆడపిల్ల గట్ల నోరారా పిలిస్తే ఎట్లుంటది చెప్పుండ్రి!

నా ఇంగ్లీషు సంగతి మీకు తెల్వంది కాదు. ముందు తెలుగుల అనుకుంట, తర్వాత ఒక్కొక్క మాట తీసేసి దాని జాగల ఇంగ్లీషు మాట పెడ్త. "వాటర్ దిస్ సైడ్. స్విచ్ దట్ సైడ్. మంకీ కమ్, విండో క్లోజ్." కోతి ఎట్లొస్తదో యాక్షన్ చేసి కూడ చూపిచ్చిన. పిల్లకు అంతా సమజైంది. ఇగ కిందికి దిగేటప్పుడు మనం ఏమంటం? "పోయొస్త బిడ్డా" అంటం. నేనూ అదే అన్న, ఇంగ్లీషుల.

"ఓకే నీమా, ఐ కమ్!"

అన్న, దిగిన, నా పనిల నేను పడ్డ.

పొద్దూకినంక ఆరేసిన బట్టలు తియ్యనీకి పైకి పోయిన. చూస్తే తలుపు బార్లా తీసి ఉన్నది. నీమా మంచం అంచు మీద బుద్ధిగ కూసున్నది. మేం పంపిన అన్నం, కూర మూత పెట్టినయ్ పెట్టినట్టే ఉన్నయ్. పక్కకు ఇంకో ఖాళీ ప్లేటు.

"ఈటింగ్ నో?" అన్న.

"యెస్ ఆంటీ, యెస్!" అని సంబరంగ లేచి నాకు కుర్చీ గుంజి వేసింది. నేనేడ కూసుంట? కింద పొయ్యి మీద పాలున్నయ్. "ఈట్, ఈట్. ఐ కమ్!" అని మెట్లు దిగి ఉరికిన.

తెల్లారి కూడ అదే కథ. తలుపు తెరిచే ఉంటది, పిల్ల కూసునే ఉంటది, అన్నం సల్లగైతనే ఉంటది. మీదినుంచి విమానం పోతే తలెత్తి చూస్తది. మా అత్తమ్మకు పరేషానైంది. "ఏందే సునీతా, గా పోరి తినదు, పండదు, గడప దిక్కే చూస్తది? జ్వరం గిట్ల ఉన్నదేమో, దవాఖానకు తీస్కపో" అన్నది. ఇల్లు యాదికొస్తున్నట్టుందని నేననుకున్న. పాపం ఒంటరిగ ఉండొద్దని ఊకె పైకి పోవుడు మొదలుపెట్టిన. పోయినప్పుడల్లా దిగుడు ఉంటది కద. దిగినప్పుడల్లా ఐ కమ్!

ఆదివారం మా చర్చి సంఘం ఆడోళ్ళను పైకి తీస్కపోయిన. వాళ్ళల్ల పెద్దామె రూతమ్మక్క పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి మంచిగ ప్రార్థన చేసింది. అందరు అరటిపండ్లు ఇచ్చి, గదువ పట్టుకొని ముద్దు పెట్టి, "వస్తం బిడ్డా, వస్తం" అన్నరు. పిల్లకు తెలుగు రాదు కద, నేను ఊకుంటనా? "నీమా, ఆల్ సిస్టర్స్ కమ్!" అని చెప్పిన.

సాయంత్రం నీమా కిందికొచ్చి పెద్ద గిన్నె అడిగింది. సంఘం అంతటికీ సరిపోయేటంత చాయ్ పెట్టుకున్నది! టాంజానియోళ్ళు మస్తు చాయ్ తాగుతరేమో అనుకున్నం, నేను, మా అత్తమ్మ.

ఇగ సోమవారం. ఆ పూటనే కాలేజీ ఆఫీసుల కనపడాలె, లేకుంటే సీటు సంగతి మళ్ళ మొదటికొస్తదని నీమా ముందే చెప్పింది. పొద్దుగాల్నే తయారైంది పిల్ల. నేను డబ్బాల ఇడ్లీలు పెట్టిచ్చి, జడ సదిరి, "బస్ కమ్, యూ గో, నో ఫియర్" అని ధైర్యం చెప్పిన. చెప్పి, దిగేటప్పుడు... అవును, మళ్ళ అదే అన్న. అని స్కూటీ తీస్కొని శంషాబాద్ మార్కెట్‌కు కూరగాయలకు పోయిన.

తిరిగొచ్చేసరికి నీమా మెట్ల మీద కూసున్నది. భుజాన బ్యాగు, ఒళ్ళో డబ్బా.

"బస్సేది నీమా?"

"వెళ్ళిపోయింది ఆంటీ. డ్రైవర్ హారన్ కొట్టిండు. కానీ మీరు వస్తనన్నరు కద." అన్నదంతా ఇంగ్లీషులనే, కానీ మెల్లగ, నాకు అర్థమయ్యేటట్టు అన్నది. "పెద్దోళ్ళు వస్తమంటే వచ్చేదాంక ముద్ద ముట్టొద్దని మా అమ్మమ్మ నేర్పింది. ఈడ అందరు మంచోళ్ళే. అందరు ఐ కమ్ అంటరు. ఎవ్వరూ రారు. ఆఖరికి సల్లటన్నం ఒక్కదాన్నే తింట. నేనేమన్న తప్పు చేసిన్నా ఆంటీ?"

అని బొటబొట కండ్ల నీళ్ళు పెట్టుకున్నది.

నాకు అప్పుడు వెలిగింది చూడుండ్రి! ఆ ఖాళీ ప్లేటు నాదే. ఆ కుర్చీ నాదే. గిన్నెడు చాయ్ రూతమ్మక్కోళ్ళది! కూరగాయల సంచి గేటు కాడ్నే పడేసి, పిల్లను స్కూటీ మీద ఎక్కించుకొని హైవే పట్టిన. ఎన్నడూ ఊరి బయటికి తీయని బండి, లారీల పక్కపొంటి పెట్టి ఉరికించిన. ఆ మోతల వెనక్కి తిరిగి ఒర్రుతున్న.

"నీమా! మా దగ్గర, ఐ కమ్ మీన్స్ ఐ గో!"

"మరి వచ్చేటప్పుడు ఏమంటరు?"

"ఐ కమ్!"

"పోయేటప్పుడు?"

"అప్పుడూ ఐ కమ్!"

"ఐ గో అంటే ఏమైతది ఆంటీ?" అన్నది. "నో, నో! ఐ గో మీన్స్ ఫుల్ గో! నో రిటర్న్!" అన్న. అప్పుడా పిల్ల నా నడుం గట్టిగ పట్టుకొని, "అంటే విడిచిపెట్టి పోతలేను అని చెప్తున్నరా ఇన్ని రోజుల సంది?" అని అడిగింది. నిజం చెప్తున్న, పుట్టిన కాన్నించి అంటున్న మాట, ఒక్కసారన్న గట్ల ఆలోచించిన్నా నేను?

దేవుని దయ, ఆఫీసు తెరిచే ఉంది, పని అయిపోయింది. ఇంటికి బయల్దేరేటప్పుడు నేను మళ్ళ తప్పు చెయ్యొద్దని ఒత్తి ఒత్తి పలికిన: "నీమా, ఐ గో." బల్ల వెనకున్న పెద్దాయన తలెత్తి, "అయ్యో, గట్లనొద్దమ్మా, పోయొస్త అనాలె" అన్నడు. అదే "ఐ కమ్" అని నేను ఇంగ్లీషుల చెప్పంగనే నీమా నవ్వుడు చూడాలె!

ఇక్కడికి అయిపోతే మంచిగనే ఉండు. నిన్న చేపల పులుసు చేసిన. పైకి పోయి, అన్నం వండుకున్నదా లేదా చూసి, పులుసు తెద్దామని, "నీమా, ఐ కమ్" అని దిగిన. ఈసారి నిజంగనే వస్తనని! గిన్నె పట్టుకొని మెట్లెక్కేసరికి తలుపు మూసుకున్నది, లోపల గొళ్ళెం పడ్డది, పాటలు మోగుతున్నయ్.

తలుపు కొట్టిన. "నీమా! ఐ కమ్!"

"ఓకే ఆంటీ!" అని లోపల్నుంచి ముద్దుగ జవాబొచ్చింది.

"నీమా! ఐ కమ్, ఐ కమ్!"

"ఓకే ఆంటీ, ఐ కమ్ టూ! గుడ్ నైట్!"

తలుపు తియ్యి అనే మాట ఇంగ్లీషుల నోటికొస్తే కద! ఒక చేతిల గిన్నె కాలుతున్నది, ఇంకో చేతితోటి దబదబ కొడుతున్న. కిందినుంచి మా అత్తమ్మ, "ఏమైందే, గంతగనం ఒర్రుతున్నవ్?" అన్నది.

"ఏం లేదత్తమ్మా," అన్న. "పోరి తెలుగు మంచిగ నేర్చింది. నాకే ఇంగ్లీషు రాలే!"